చెవితో రోగాన్ని కనిపెట్టిన వైద్యుడు: డాక్టర్ లెనెక్ జీవితము

డాక్టరు బొమ్మ గీయమంటే మన ఇళ్లలో పిల్లలు మొదట గీసేది మెడలో వ్రేలాడే గొట్టాన్ని. ఆ గొట్టం పేరు స్టెతస్కోపు. ఈనాడు పల్లెలోని ఆర్.ఎం.పి. డాక్టరు మొదలుకొని పట్టణంలోని పెద్ద హృద్రోగ నిపుణుని వరకు అది లేనివారు లేరు. అయితే దానిని మొదట తయారుచేసినది ఎవరు, ఎందుకు తయారుచేశారు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయన ఫ్రాన్సు దేశస్థుడైన డాక్టర్ రెనే లెనెక్. ఆయన బ్రతికినది 45 సంవత్సరములు మాత్రమే. రోగి శరీరాన్ని కోయకుండానే లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకొనే దారిని ఆయన లోకానికి చూపించారు. ఏ వ్యాధి గుర్తులను వెదకుతూ జీవితమంతా గడిపారో, ఆ వ్యాధితోనే కన్నుమూశారు. ఆయన చరిత్రలో మన కుటుంబాలకు, సంఘాలకు ఈనాటికీ పనికివచ్చే సంగతులు ఉన్నందున ఇక్కడ వ్రాస్తున్నాము.

బాల్యము

లెనెక్‌గారు 1781 ఫిబ్రవరి 17న ఫ్రాన్సు దేశపు పడమటి కొసన, బ్రిటనీ అనే సముద్రతీర ప్రాంతంలోని కెంపేర్ పట్టణంలో జన్మించారు. బ్రిటనీ వారికి బ్రెటన్ అనే సొంత భాష ఉంది. అది ఫ్రెంచి భాషతో కలిసేది కాదు. ఆ రోజుల్లో బ్రిటనీ పల్లెల్లో పుట్టి పెరిగిన రైతులకు, జాలరులకు ఫ్రెంచి మాట రాదు. ఒకే దేశంలో ఉంటూ కూడా పరాయి భాషవారుగా ఉండడం వారికి అలవాటు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. ముందుకు వెళ్లిన తరువాత దీని అవసరం వస్తుంది.

తండ్రి న్యాయవాది. మాటకారి, పద్యాలు అల్లడంలో సరదా ఉన్నవాడు, కాని చేతిలో డబ్బు నిలిచేది కాదు. రెనే ఐదేండ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రి పిల్లలను సాకలేక బంధువుల ఇళ్లకు పంపివేశాడు. 1788లో రెనే, అతని తమ్ముడు నాంట్ నగరంలో ఉన్న పినతండ్రి గియోమ్ ఇంటికి చేరారు. ఈ పినతండ్రి పేరుపొందిన వైద్యుడు. తన బిడ్డలతో సమానంగా అన్నకొడుకులను పెంచాడు. తల్లి లేని పిల్లవానికి దిక్కుగా నిలిచి, అతనికి వైద్యమంటే ఇష్టం కలిగించినది ఆయనే.

మరుసటి సంవత్సరమే ఫ్రెంచి విప్లవం మొదలైంది. 1793, 1794 సంవత్సరాలలో నాంట్ నగరంలో మరణశిక్షలు వర్షంలా కురిశాయి. తలలు నరికే యంత్రాన్ని నిలబెట్టిన కూడలి వారి ఇంటి ఎదుటనే ఉండేది. పన్నెండు పదమూడేండ్ల పిల్లవాడు కిటికీలోనుండి చూసినవి అలాంటి దృశ్యాలు. అయినా అతని మనస్సు మొద్దుబారలేదు. 1795లో, పదునాలుగేండ్లకే, పినతండ్రి చేయి పట్టుకొని ఆసుపత్రిలో అడుగుపెట్టి గాయపడిన సైనికులకు కట్లు కట్టే పని మొదలుపెట్టాడు. తీరిక వేళల్లో పిల్లనగ్రోవి వాయించడం నేర్చుకున్నాడు. సన్నని స్వరభేదాలను పట్టుకొనే అలవాటు ఆ చెవులకు అప్పుడే కలిగి ఉండాలి.

పారిస్ నగరంలో విద్య

పై చదువుకు పారిస్ వెళ్లాలని కోరిక. తండ్రి డబ్బు ఇస్తానంటూ ఏండ్ల తరబడి జాప్యం చేశాడు. చివరకు 1801లో, ఇరవై ఏండ్ల వయస్సులో, లెనెక్ పారిస్ చేరారు. పొట్టి మనిషి, బక్కపలచని శరీరం, తరచు ఆయాసం. చదువులో మాత్రం ఎవరికీ తీసిపోలేదు. 1803లో వైద్యంలోను, శస్త్రచికిత్సలోను రెండింటిలో మొదటి బహుమతులు పొందారు. 1804లో డాక్టరు పట్టా పుచ్చుకొన్నారు.

ఆ కాలపు వైద్యం ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. రోగి తన బాధ చెప్పుకొంటాడు. వైద్యుడు నాడి పట్టి చూస్తాడు, నాలుక చూస్తాడు, మూత్రం రంగు చూస్తాడు. అంతే. తరువాత నెత్తురు తీయడమో, విరేచనాలకు ఇవ్వడమో జరిగేది. దగ్గు అంటే దగ్గే, ఆయాసం అంటే ఆయాసమే. ఒకే దగ్గు న్యుమోనియా వలన రావచ్చు, క్షయ వలన రావచ్చు, గుండె బలహీనత వలన రావచ్చు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినందువలన రావచ్చు. ఏది ఏదో రోగి బ్రతికి ఉండగా ఖాయంగా చెప్పగలవారు అరుదు. చనిపోయిన తరువాత శవాన్ని కోసి చూస్తేనే నిజం తెలిసేది.

లెనెక్ గురువైన కోర్విసార్ ఒక క్రొత్త పద్ధతి నేర్పేవాడు. రోగి ఛాతీని వ్రేళ్లతో తట్టి, శబ్దం ఎలా వస్తున్నదో వినడం. సంతలో కుండ కొనేటప్పుడు మన ఆడవారు వ్రేలితో కొట్టి చూస్తారు కదా, అలాగన్నమాట. గాలి నిండిన చోట గుల్లగా మ్రోగుతుంది. నీరు గాని చీము గాని చేరిన చోట మొద్దుగా పలుకుతుంది. దీనిని మొదట కనిపెట్టినది ఔయెన్‌బ్రుగ్గర్ అనే వియన్నా నగర వైద్యుడు. 1761లో ఆయన చిన్న పుస్తకం వ్రాస్తే ఎవరూ లక్ష్యపెట్టలేదు. కోర్విసార్ దానిని 1808లో ఫ్రెంచి భాషలోకి తర్జుమా చేసి వెలుగులోకి తెచ్చాడు. గురువు తలచుకొంటే ఆ పద్ధతిని తనదిగా చెప్పుకోగలిగేవాడు. అలా చేయలేదు. ఆ నిజాయితీని శిష్యుడు కూడా నేర్చుకున్నాడు.

లెనెక్ చేసిన పని మరొకటి ఉంది. బ్రతికి ఉండగా రోగిలో చూసిన ప్రతి గుర్తును వ్రాసిపెట్టుకొని, ఆ రోగి చనిపోతే లోపలి అవయవాలను పరీక్షించి, పై గుర్తుకు లోపలి మార్పుకు సంబంధం ఏమిటో సరిచూసేవారు. ఈ పనిలో ఆయన మిత్రుడు బేల్ కూడా ఉండేవాడు. బేల్ 900 శవపరీక్షల ఆధారంగా 1810లో క్షయను గురించి గ్రంథం ప్రచురించాడు. అదే సంవత్సరం లెనెక్ తమ్ముడు క్షయతో చనిపోయాడు. 1816లో బేల్ కూడా క్షయతోనే పోయాడు. చుట్టూ ఉన్న ప్రియమైనవారిని ఒక్కొక్కరిగా ఈ రోగం తీసుకొనిపోవడం ఆయన చూస్తూ వచ్చారు.

తన భాషవారి మధ్య

1814లో నెపోలియన్ యుద్ధాల చివర పారిస్ ఆసుపత్రులు గాయపడిన సైనికులతో, విషజ్వరం తగిలిన సైనికులతో నిండిపోయాయి. వారిలో బ్రిటనీ పల్లెలనుండి పట్టుకొచ్చిన కుర్రవాళ్లు ఎందరో ఉన్నారు. వారికి ఫ్రెంచి రాదు. ఎక్కడ నొప్పి అని అడిగితే జవాబు చెప్పలేరు. మందు ఎలా వేసుకోవాలో చెప్పినా అర్థం కాదు. ప్రక్క మంచంలోని వానితో మాట కలపలేరు. ఇంటిమీద బెంగతో కృంగిపోయి, గాయం చిన్నదైనా కోలుకోలేకపోతున్నారు.

లెనెక్ ఈ సంగతి గమనించి, అధికారులను బ్రతిమాలి, సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో బ్రెటన్ సైనికులందరినీ ఒకచోట చేర్పించి వారి వైద్యం తానే చేపట్టారు. పట్టణంలో పెరిగినందువలన ఆయనకు ఆ భాష చిన్ననాటినుండి బాగా వచ్చినది కాదు. పెద్దయిన తరువాత పుస్తకాలు పెట్టుకొని పట్టుదలతో నేర్చుకొన్నారు. తమ భాషలో పలకరించే డాక్టరు, తమ భాషలో ప్రార్థన చేసే గురువు దొరికేసరికి ఆ కుర్రవాళ్లకు ప్రాణం లేచివచ్చింది. రోగి చెప్పుకొనే మాట వైద్యుని చెవిలో పడకపోతే సగం వైద్యం అక్కడే ఆగిపోతుందని లెనెక్ అప్పటికే తెలుసుకొన్నారు. వినడమనే పనికి ఆయన జీవితంలో అంత చోటు ఉంది.

కాగితపు చుట్ట

1816లో ఆయనకు పారిస్‌లోని నెక్కర్ ఆసుపత్రిలో వైద్యునిగా నియామకం వచ్చింది. ఆ సంవత్సరంలోనే ఒక యువతి గుండెజబ్బు గుర్తులతో ఆయనయొద్దకు వచ్చింది. భారీ శరీరమగుటచేత ఛాతీ తట్టి చూసినా శబ్దం తెలియలేదు. అప్పట్లో కొందరు వైద్యులు రోగి ఛాతీకి నేరుగా చెవి ఆనించి గుండె చప్పుడు వినేవారు. వయస్సులో ఉన్న స్త్రీ విషయంలో అది మర్యాద కాదని లెనెక్ వెనుదీశారు.

అప్పుడు ఆయనకు ఒక సంగతి తట్టింది. పొడవైన దూలానికి ఒక కొసన చెవి ఆనిస్తే, రెండవ కొసన గుండుసూదితో గీరిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. పిల్లలు ఈ ఆట ఆడుతుండగా ఆయన చూశారని ఒక కథ వాడుకలో ఉంది. ఏమైనా, బల్లమీదనున్న కాగితాల దస్తాను తీసుకొని గట్టిగా చుట్టచుట్టి, ఒక కొస ఆమె ఛాతీమీద, రెండవ కొస తన చెవికి ఆనించారు. చెవి నేరుగా ఆనించినప్పటికంటె గుండె చప్పుడు స్పష్టంగా, దగ్గరగా వినబడింది. ఆశ్చర్యమూ సంతోషమూ కలిగాయి. రోగి సిగ్గును కాపాడవలెనని చేసిన చిన్న ఉపాయం వైద్య శాస్త్రాన్నే మలుపు త్రిప్పింది.

కాగితపు చుట్ట ఊడిపోతూ ఉండేది గనుక ఆయన కొయ్యతో ప్రయత్నించారు. వడ్రంగం పని చేతనైనవాడు కాబట్టి చిత్రికయంత్రం మీద తానే గొట్టాలు తరిగేవారు. దాదాపు అడుగు పొడవు, మధ్యలో సన్నని రంధ్రం. ఛాతీ అనే అర్థమిచ్చే గ్రీకు మాటను, చూడడం అనే అర్థమిచ్చే మరొక మాటను కలిపి దానికి స్టెతస్కోపు అని పేరుపెట్టారు. ఆ గొట్టం ఒక చెవికే పనిచేసేది. రెండు చెవులకు పెట్టుకొనే రకం 1850 తరువాత వచ్చింది.

ప్రతి శబ్దానికి ఒక అర్థం

గొట్టం తయారవడంతో పని అయిపోలేదు. వినిపించే శబ్దం దేనికి గుర్తు అన్నది ఎవరికీ తెలియదు. మూడు సంవత్సరాలు నెక్కర్ ఆసుపత్రిలో మంచము మంచము తిరిగి, విన్న ప్రతి శబ్దాన్ని వ్రాసుకొని, చనిపోయినవారి ఊపిరితిత్తులతో సరిచూశారు. 1819లో రెండు సంపుటాల గ్రంథంగా ప్రచురించారు. అందులోని గుర్తులు కొన్ని చూడండి.

న్యుమోనియా మొదలైనప్పుడు రోగి ఊపిరి పీల్చుకొంటుంటే సన్నని చిటపట శబ్దం వస్తుంది. వేడి మూకుడులో ఉప్పు వేసినప్పుడు వచ్చే శబ్దంతో ఆయన దానిని పోల్చారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే, ఒక చోట రోగి మాట మేకపిల్ల అరుపువలె వణుకుతూ వినిపిస్తుంది. క్షయవలన ఊపిరితిత్తిలో గుంట పడితే, రోగి మాట ఆ గుంటలోనుండి గొట్టం గుండా నేరుగా మన చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. శ్వాసనాళాలు వెడల్పై చీముతో నిండే వ్యాధిని మొదట వివరించినది కూడా ఆయనే. కాలేయం గట్టిపడి గడ్డలు కట్టే వ్యాధికి సిర్రోసిస్ అనే పేరు పెట్టినదీ ఆయనే. ఆ పేరు ఈనాటికీ నిలిచి ఉంది.

మరో పెద్ద సంగతి. ఊపిరితిత్తులలో కనబడే చిన్న చిన్న బొడిపెలు, జున్నువంటి పసుపు పదార్థం, పెద్ద గుంటలు ఇవన్నీ వేరువేరు జబ్బులని చాలామంది అనుకొనేవారు. ఇవన్నీ ఒకే క్షయరోగపు మెట్లని, ఆ రోగం ఊపిరితిత్తులలోనే గాక ఎముకలలో, ప్రేగులలో, గ్రంథులలో కూడా వస్తుందని లెనెక్ స్పష్టంచేశారు. కొందరిలో గుంటలు మాని మచ్చకట్టి ఉండడం కూడా చూశారు. అంటే క్షయ వచ్చినవారందరూ తప్పక చనిపోరు, కొందరిలో అది మానుతుంది అని దానివలన తెలిసింది. ఆశ వదులుకొన్న కాలంలో అది చిన్న మాట కాదు.

ఎదురు మాటలు

క్రొత్త సంగతి చెప్పినవానికి పరిహాసం తప్పదు. చెవులు ఉండగా కొయ్యముక్క ఎందుకని నవ్వినవారున్నారు. బ్రూసే అనే పేరుపొందిన వైద్యుడు సకల రోగాలకు మూలం కడుపులోని వాపేనని వాదిస్తూ, జలగలు పట్టించి నెత్తురు తీయడమే మందని బోధించేవాడు. అతడు లెనెక్‌ను గట్టిగా విమర్శించాడు. 1821లో లెనెక్ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసిన ఫోర్బ్స్ అనే డాక్టరు సైతం, ఈ పరికరం ఎంత మంచిదైనా వైద్యులందరి వాడుకలోకి వస్తుందని నమ్మలేనని తన ముందుమాటలో తెలియజేశాడు. కాలక్రమంలో గెలిచినది గొట్టమే.

ఇంతలో లెనెక్ ఆరోగ్యం చెడిపోయింది. పుస్తకం ముగించేసరికి ఒంట్లో సత్తువ లేదు. 1819లో పారిస్ విడిచి, బ్రిటనీ తీరంలోని కెర్లువార్నెక్ అనే తన పొలం ఇంటికి వెళ్లి, చెట్లు నాటుకొంటూ, పొలం చూసుకొంటూ రెండేండ్లు గడిపారు. ఒళ్లు కుదుటపడగానే 1821లో తిరిగి వచ్చారు. 1822లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యులయ్యారు. తరువాత షారితే ఆసుపత్రిలో బోధించారు. అనేక దేశాలనుండి యువ వైద్యులు వచ్చి ఆయన వెంట మంచము మంచము తిరిగి వినడం నేర్చుకొని, తమ దేశాలకు ఆ విద్యను తీసుకొనిపోయారు. 1824లో ఆయన వివాహం జరిగింది. ఆయన దృఢమైన క్యాథలిక్ భక్తుడు. భక్తిని ఎగతాళి చేసేవారి మధ్య కూడా తన నమ్మకాన్ని దాచుకొనలేదు.

గుర్తులు తెలిసినా కారణం తెలియలేదు

ఇక్కడ ఒక విచారకరమైన సంగతి చెప్పాలి. క్షయ గుర్తులను అంత బాగుగా కనిపెట్టిన ఆ మహావైద్యుడు క్షయకు కారణం మాత్రం కనిపెట్టలేకపోయారు. అది ఒకరినుండి ఒకరికి అంటుతుందని ఆయన నమ్మలేదు. ఆ రోజుల్లో దక్షిణ ఐరోపాలో కొందరు అంటువ్యాధి అనేవారు. ఉత్తరాన వైద్యులు వంశపారంపర్యం అనేవారు. లెనెక్ దీర్ఘకాలపు దుఃఖమే ముఖ్య కారణమని తలచారు.

దానికి ఆయన చూపిన ఉదాహరణ ఒకటి ఉంది. పారిస్‌లో కఠిన నియమాలు గల ఒక సన్యాసినుల మఠానికి ఆయన పదేండ్లు వైద్యునిగా ఉన్నారు. ఆ పదేండ్లలో అక్కడివారు క్షయతో వరుసగా చనిపోతూ, క్రొత్తవారు వస్తూ, మఠంలోని వారంతా రెండు మూడు సార్లు మారిపోయారు. బయటికి వెళ్లే పనులున్న కొద్దిమంది మాత్రం బ్రతికారు. నియమాల కాఠిన్యం, మనోవ్యాకులతే దీనికి కారణమని ఆయన వ్రాశారు. ఈనాడు చదివితే మనకు వెంటనే తోస్తుంది: తలుపులు మూసిన గదులలో, ఒకే గాలి పీల్చుకొంటూ, దగ్గేవారి ప్రక్కన రాత్రింబగళ్లు ఉన్నందున రోగం ఒకరినుండి ఒకరికి ప్రాకింది. బయటి గాలిలో తిరిగినవారు తప్పించుకొన్నారు. సాక్ష్యం కళ్ల ఎదుటనే ఉంది, దానిని చదివే అక్షరాలు మాత్రం ఆ కాలానికి ఇంకా లేవు.

యౌవనంలో ఒకసారి క్షయ పట్టిన వెన్నెముకను రంపంతో కోస్తుండగా ఆయన ఎడమచేతి చూపుడువ్రేలు గీరుకొనిపోయింది. ఆ చోట చిన్న బొడిపె లేచింది. దానిని మందుతో కాల్చివేసుకొన్నారు. ఇరవై ఏండ్ల వరకు ఏమీ కాలేదు గనుక క్షయ అంటదని దానినే ఒక సాక్ష్యంగా పేర్కొన్నారు. క్షయ క్రిమి శరీరంలో ఏండ్ల తరబడి నిద్రపోగలదని అప్పుడెవరికి తెలుసు?

గుండె విషయంలో కూడా పొరపాటుపడ్డారు. గుండె చేసే రెండు చప్పుళ్లలో రెండవదానికి కారణం పై గదులని అనుకొన్నారు. అది కవాటాలు మూసుకొనే చప్పుడని తరువాతివారు తేల్చారు. గొప్పవారి పొరపాట్లను దాచడం వలన వారికి గౌరవం పెరగదు. ఆయన విన్నది ఉన్నదున్నట్టు వ్రాశారు గనుకనే తరువాతివారు దిద్దగలిగారు.

చివరి దినాలు

షారితే ఆసుపత్రిలో క్షయరోగుల మంచాల చుట్టూ ఆయన సముద్రపు నాచు తెప్పించి పెట్టించేవారు. తన బ్రిటనీ సముద్రపు గాలి వారికి మేలుచేస్తుందని ఆశ. దానివలన రోగం తగ్గలేదు. 1826లో గ్రంథాన్ని తిరిగి దిద్ది రెండవ ముద్రణ తెచ్చారు. ఆ వసంతకాలంలోనే దగ్గు, జ్వరం, ఆయాసం ఎక్కువయ్యాయి. బరువు తగ్గిపోయారు. భార్యతో కలిసి బ్రిటనీకి బయలుదేరారు.

ఆయన పినతండ్రి మనుమడో కొడుకో అన్నంత ప్రేమగా చూసుకొన్న బంధువు మెరియాడెక్ కూడా డాక్టరే. అతడు ఆ కొయ్య గొట్టంతోనే ఆయన ఛాతీని విన్నాడు. ఆయన ఇతరులలో వేలసార్లు విని, పేరుపెట్టి, అర్థం చెప్పిన గుర్తులే ఇప్పుడు ఆయన రొమ్ములో వినబడ్డాయి. 1826 ఆగస్టు 13న కెర్లువార్నెక్ ఇంటిలో లెనెక్ కన్నుమూశారు. తన కాగితాలు, గడియారం, ఉంగరం మెరియాడెక్‌కు వ్రాసియిచ్చి, అన్నిటికంటె విలువైనదిగా తన స్టెతస్కోపును అతనికి అప్పగించారు.

ఆయన తరువాత

లెనెక్ చనిపోయిన 56 ఏండ్లకు, 1882 మార్చి 24న, జర్మనీలో రాబర్ట్ కోహ్ క్షయకు కారణమైన క్రిమిని చూపించాడు. 1895లో ఎక్స్‌రే వచ్చింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు, 1952లో ఐసోనియాజిడ్ వాడుక వచ్చి క్షయ నయమయ్యే జబ్బు అయింది.

మన ప్రాంతాలకు ఈ చరిత్రతో సంబంధం ఉంది. 1912లో పలు మిషన్లు కలిసి మొదలుపెట్టిన ప్రయత్నం ఫలితంగా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వెలిసింది. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధనా కేంద్రం, రోగిని ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచనవసరం లేదని, ఇంటిలో ఉండి మందులు సక్రమంగా వాడినా అంతే బాగుగా నయమవుతుందని రుజువుచేసింది. దానివలన లోకమంతటా చికిత్స పద్ధతే మారింది.

బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థవారు తుమకూరు జిల్లా పల్లెల్లో చేసిన పరిశీలన 1963లో వెలువడింది. క్షయ ఉన్నవారిలో చాలామందికి తమ గుర్తులు తెలుసు. దాదాపు సగంమంది తమంతట తామే ఆసుపత్రికి వెళ్లారు కూడా. కాని అక్కడ దగ్గు సీసా ఒకటి చేతిలో పెట్టి పంపివేశారు. రోగి చెప్పినా వినేవారు లేకపోయారన్నమాట. లెనెక్ బ్రతికి ఉంటే దీనికి ఎంత బాధపడేవారో!

మనము గమనించవలసినవి

ప్రియ పాఠకులారా, స్టెతస్కోపు డాక్టరు చేతిలో ఉంటుంది. కాని మొదటి గుర్తులను చూసేది ఇంటివారే. కనుక ఇవి గుర్తుంచుకోండి.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలం వచ్చే జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి తగ్గడం, బరువు తగ్గడం, కళ్లెలో నెత్తురు: వీటిలో ఏది కనిపించినా కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి. మెడలో తగ్గని గడ్డలు, మానని నడుమునొప్పి కూడా క్షయ కావచ్చు. షుగరు వ్యాధి ఉన్నవారు, పొగత్రాగేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. 2024 నవంబరునుండి పోషణకు నెలకు 1000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. దగ్గు తగ్గిందని మధ్యలో మందు మానకూడదు. మానితే క్రిమి మందుకు లొంగకుండా పోతుంది. ఇంట్లోని పిల్లలను, పెద్దలను కూడా పరీక్ష చేయించాలి.

చిన్నబిడ్డకు దగ్గు, జ్వరంతోపాటు డొక్కలు ఎగురుతుంటే అది న్యుమోనియా గుర్తు. బిడ్డ నిదానంగా ఉన్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, సంవత్సరంలోపు బిడ్డకు 50, ఐదేండ్లలోపు బిడ్డకు 40 లేక అంతకు మించితే ఆ పూటే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. పెద్దలకు పడుకొంటే ఆయాసం, లేచి కూర్చుంటే తగ్గడం, పాదాల వాపు ఉంటే గుండెను పరీక్ష చేయించాలి.

క్షయ శాపం కాదు, వంశదోషమూ కాదు. గాలిద్వారా వచ్చే క్రిమివలన కలిగే జబ్బు. పెండ్లి సంబంధం చెడిపోతుందని, అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారని దాచిపెట్టుకొని ప్రాణాలమీదికి తెచ్చుకొన్న కుటుంబాలు ఉన్నాయి. రోగిని దూరం పెట్టకుండా, మందు వేయించి, కిటికీలు తెరచి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొనమంటే చాలు.

చివరిగా ఒక మాట. మన పెద్దలు పొట్టకూటికై గనులకు, మిల్లులకు, రైల్వే కాలనీలకు వచ్చి స్థిరపడినవారు. మన పిల్లలకు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ వచ్చును. అయినా ముసలి తల్లులు కొందరికి, ఊరినుండి క్రొత్తగా పనికి వచ్చిన కూలీలకు తెలుగు తప్ప మరొకటి రాదు. ఆసుపత్రి వరుసలో వారు నోరు విప్పలేక, ఇచ్చిన గోలీలు తీసుకొని తిరిగివస్తుంటారు. అటువంటివారి వెంట సంఘంనుండి ఒకరు వెళ్లి, వారి బాధను డాక్టరుకు అర్థమయ్యే భాషలో చెప్పి, డాక్టరు మాటను వారికి తెలుగులో చెప్పితే, అది ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు. సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో తన భాష కుర్రవాళ్ల మంచాల మధ్య నిలబడి లెనెక్‌గారు చేసినది ఇదే. దానికి గొట్టం అక్కరలేదు, డాక్టరు పట్టా అక్కరలేదు. వినే చెవి, తోడు వెళ్లే కాళ్లు ఉంటే చాలును.